శవదహనమును గూర్చి కతోలిక సంఘ బోధ

రోమన్ కతోలిక సంఘము శవదహనమును నిషేధించుచున్నదని మన కాపరులలో కొందరు నేటికిని తలంచుచున్నారు. ఆ నిషేధము 1963లోనే సడలింపబడినది. నేడు ఆ సంఘము అడుగు ప్రశ్నలు రెండు: ఏ ఉద్దేశముతో దహనము చేయుచున్నారు? బూడిదను ఎక్కడ ఉంచుదురు?

కాలిపోయిన దేహమును దేవుడు లేపలేడను భయమే నిషేధమునకు కారణమని చెప్పుట సరికాదు. క్రీ.శ. 177లో లియోను పట్టణపు హతసాక్షుల దేహములను కాల్చి, బూడిదను రోను నదిలో పారవేసిరని చరిత్రకారుడైన యూసేబియస్ వ్రాసెను. వారి పునరుత్థాన నిరీక్షణను భంగపరచవలెనని హింసకులు తలంచిరి. అయినను ఆ హతసాక్షులు లేతురని సంఘము సందేహింపలేదు. క్రీస్తు సమాధిచేయబడెను గనుకను, విశ్వాసి దేహము పరిశుద్ధాత్మకు ఆలయము గనుకను భూస్థాపనను ఎంచుకొనెను.

19వ శతాబ్దపు ఐరోపాలో పునరుత్థానమును తృణీకరించుటకే కొందరు దహనమును ప్రచారము చేసిరి. అందుచేత 1886లో రోము దానిని నిషేధించెను. 1917 నాటి ధర్మసంహిత, దహనము కోరి పశ్చాత్తాపపడక మరణించినవానికి సంఘ సమాధిని నిరాకరించెను. 1983 సంహితలోని 1176వ నిబంధన భూస్థాపననే గట్టిగా సిఫారసు చేయుచు, విశ్వాస విరుద్ధమైన కారణములు లేనిచో దహనమును అడ్డగింపదు.

మన ప్రాంతమున చిక్కు దహనము తరువాతనే వచ్చును. బంధువులలో హిందువులున్న కుటుంబము అస్థికలను గోదావరిలోనో కృష్ణలోనో కలుపుదమనును. 2016 నాటి వాటికను ఉపదేశము ప్రకారము బూడిదను గాలిలో, నేలమీద, నీటిలో చల్లరాదు, పిల్లలు పంచుకొనరాదు, మిక్కిలి అరుదైన పరిస్థితులలో తప్ప ఇంట ఉంచరాదు. సమాధుల తోటవంటి పవిత్ర స్థలమున ఉంచవలెను. మనిషి ప్రకృతిలో లీనమగునను భావమునకు తావియ్యరాదనియు, మృతుడు సంఘ ప్రార్థనలకు దూరము కారాదనియు దాని ఉద్దేశము. విశ్వాస విరుద్ధముగా దహనమును, బూడిద చల్లుటను బాహాటముగా కోరినవానికి అంత్యక్రియల ఆరాధన ఉండదు. మృతుల కొరకైన ప్రార్థనను ప్రొటెస్టంటులమైన మనము అంగీకరింపము. అయినను మృతునికి పేరు, చోటు ఉండవలెనను పట్టుదల నాకు సమంజసముగా తోచుచున్నది. కనుక కతోలిక బంధువులున్న ఇంట, చితికి ముందే బూడిద సంగతి అడిగి తెలిసికొనుట మేలు.

2023 డిసెంబరులో కార్డినల్ జుప్పి అడిగిన ప్రశ్నలకు వాటికను కొంత వెసులుబాటు ఇచ్చెను. ప్రతి ఒక్కరి పేరును వ్రాసి ఉంచినయెడల, అనేకుల బూడిదను ఒకే పవిత్ర స్థలమున కలిపి భద్రపరచవచ్చును. మృతునికి ప్రియమైన చోట స్వల్ప భాగమును ఉంచుటను గూర్చి సంఘాధికారి ఆలోచింపవచ్చును.