115 గుర్రాలున్నా పరుగు లేదేం?

వేసవి వచ్చిందంటే చాలు, మనవాళ్ల వీకెండ్లు నీళ్ల దగ్గరే! డల్లాస్ వైపు వాళ్లకు లూయిస్‌విల్ లేక్, అట్లాంటా వాళ్లకు లేక్ లేనియర్. మొదట్లో అద్దె బోట్లతో సరిపెట్టుకుంటాం. తర్వాత నలుగురం కలిసి ఓ సెకండ్‌హ్యాండ్ బోటు కొంటాం. కొనేటప్పుడు అందరం అడిగే ప్రశ్న ఒక్కటే: 'ఇంజిన్ ఎన్ని హార్స్ పవర్?' అసలు అడగాల్సింది ఇంకోటుంది. ఫుల్ లోడుతో ఆ ఇంజిన్ ఎంత స్పీడు తిరుగుతోంది?

మూత మీది అంకె

ఇంజిన్ మూత మీద రాసిన పవర్ ఎప్పుడూ రాదు. నిమిషానికి ఇన్ని చుట్లు, అంటే ఇంత ఆర్‌పీఎం తిరిగినప్పుడే వస్తుంది. లెక్క చిన్నదే. ఇంజిన్ తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, పౌండ్-అడుగుల్లో తీసుకుని ఆర్‌పీఎంతో హెచ్చవేసి 5252తో భాగిస్తే హార్స్ పవర్. 110 పౌండ్-అడుగుల టార్క్‌తో 5500 తిరిగితే 115 గుర్రాలు. అదే టార్క్‌తో 4700 దగ్గరే ఆగిపోతే 98 మాత్రమే. మిగతా 17 గుర్రాలకు డబ్బు కట్టాం గానీ, అవి కొట్టంలోంచి బయటికే రాలేదన్నమాట.

ఫ్యానే గేరు

కారుకు లోడు పెరిగితే గేరు మారుస్తాం. మామూలు ఔట్‌బోర్డ్‌కు ముందుకు వెళ్లడానికి ఉండేది ఒక్కటే గేరు. 1909లో మిల్వాకీలో ఓలీ ఎవిన్‌రూడ్ ఒకటిన్నర హార్స్ పవర్ మోటారు అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇంజిన్లు ఎంతో పెరిగాయి. 2021లో మెర్క్యురీ 600 హార్స్ పవర్ వి12 తెచ్చి, దానికి రెండు గేర్లు పెట్టింది. మన బోట్లకు అంత భాగ్యం లేదు. మనకు ప్రొపెల్లరే గేరు.

దాని మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. చెక్కలో స్క్రూ ఒక చుట్టు తిప్పితే ఎంత లోపలికి దిగుతుందో, అదే పిచ్. 17 పిచ్ అంటే ఒక చుట్టుకు 17 అంగుళాలు ముందుకెళ్లాలి. నీళ్లు చెక్క కాదు కాబట్టి కొంత జారుతుంది. ఇంజిన్ 5500 తిరుగుతూ, గేరు దాన్ని సగం చేస్తే, 17 పిచ్‌కు లెక్క ప్రకారం గంటకు 44 మైళ్లు రావాలి. జారుడు 15 శాతం తీసేస్తే చేతికొచ్చేది 37, 38.

పిచ్ పెద్దదైతే ఇంజిన్ మీద బరువు ఎక్కువ, ఆర్‌పీఎం తగ్గుతుంది. చిన్నదైతే తేలిగ్గా తిరుగుతుంది. సుమారుగా ఒక అంగుళం పిచ్‌కు 150 నుంచి 200 ఆర్‌పీఎం తేడా.

మా బోటు సంగతి

మేం అయిదుగురం కలిసి కొన్నది 18 అడుగుల బోటు, 115 ఇంజిన్, 19 పిచ్ ఫ్యాను. ఇద్దరం వెళితే మీటరు 5400 చూపించేది, బోటు దూసుకుపోయేది. అయిదుగురం, ఐస్ బాక్సు, గాలాలు ఎక్కితే 4700 దాటేది కాదు. ముక్కు పైకెత్తి మూలిగేది. 'ఇంజిన్ పనైపోయింది, 150 వేయించండి' అన్నారు చూసినవాళ్లు. కొత్త ఇంజిన్ అంటే పది వేల డాలర్ల పైమాటే. ఇంటికి పంపాల్సిన డబ్బది!

మాన్యువల్ తీశాం. ఫుల్ థ్రాటిల్‌లో 5000 నుంచి 6000 మధ్య తిరగాలని ఉంది. 17 పిచ్ అల్యూమినియం ఫ్యాను వేయించాం. ఫుల్ లోడుతో 5100, ఇద్దరితో 5800. రెండూ హద్దులోనే ఉన్నాయి. ఖర్చు రెండు వందల డాలర్లలోపే.

ఇది వేగం ఒక్కదాని గొడవ కాదు. తక్కువ ఆర్‌పీఎంలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి లాగిస్తే సిలిండర్ల మీద ఒత్తిడి, వేడి పెరిగి ఇంజిన్ ఆయుష్షు తగ్గుతుంది. పిచ్ మరీ తగ్గిస్తే హద్దు దాటి తిరుగుతుంది, అదీ చేటే. ఎత్తయిన ప్రాంతాల్లో ఇంకో చిక్కు. ప్రతి వెయ్యి అడుగులకు పవర్ సుమారు 3 శాతం తగ్గుతుంది. ఆరు వేల అడుగులు దాటిన లేక్ తాహోలో పిచ్ తగ్గించుకోక తప్పదు.

వెళ్లే ముందు

20 అడుగుల లోపు మోటారు బోట్లకు సాధారణంగా కెపాసిటీ ప్లేటు ఉంటుంది. ఎందరు ఎక్కాలో, ఎంత బరువు మోస్తుందో దాని మీద ఉంటుంది. ఔట్‌బోర్డ్ అయితే ఎంత ఇంజిన్ వరకు పెట్టొచ్చో కూడా ఉంటుంది. పెద్ద ఇంజిన్ మోజులో ఆ అంకె దాటొద్దు. 26 అడుగుల లోపు బోట్లలో ఇంజిన్ ఆపే స్విచ్ తాడు ఉంటే, వేగంగా నడిపేటప్పుడు దాన్ని ఒంటికి తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. నడిపేవాడు నీళ్లలో పడితే ఆ ఫ్యాను ఆగేది ఆ తాడు వల్లే.

కాబట్టి బోటు మూలిగితే ముందు పర్సు తీయకండి. మనుషులను, సామాన్లను ఎక్కించి, ఖాళీ నీళ్లలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి మీటరు చూడండి. ఆ అంకెను మాన్యువల్‌తో పోల్చండి. ఇంజిన్ మార్చాలో, ఫ్యాను మార్చాలో అదే చెబుతుంది.