తండ్రులు కూర్చునే తరగతి

కుట్టుమిషను నేర్చుకోవాలంటే ఆరు నెలలు సెంటరుకు తిరగాలి. ట్రాక్టరు నడపాలంటే తెలిసినవాడొకడు పక్కన కూర్చుని నేర్పాలి. బిడ్డను పెంచే పనికి మాత్రం ఏ శిక్షణా అక్కర లేదని మనమందరము అనుకుంటాము. తల్లికైనా అమ్మమ్మ ఉంటుంది, ఇరుగుపొరుగు పెద్దమ్మలుంటారు, అంగన్‌వాడీ టీచరు ఉంటుంది. తండ్రికి ఎవరున్నారు? తన తండ్రి తనను ఎలా పెంచాడో ఆ జ్ఞాపకమొక్కటే అతనికి పాఠ్యపుస్తకము. ఆ పుస్తకంలో ముద్దులెన్ని ఉన్నవో, బెల్టు దెబ్బలెన్ని ఉన్నవో అతనిని ఎవరూ అడగరు.

ప్రియ చదువరులారా, ఈ లోటును గుర్తించి తండ్రుల కొరకు, దంపతుల కొరకు తరగతులు నడిపిన రెండు చోట్ల సంగతి మీ ముందు ఉంచుతున్నాను. ఒకటి ఆఫ్రికాలోని రువాండా దేశం, రెండవది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. మంచి మాటలు చెప్పే సభలు ఎక్కడైనా జరుగుతాయి. ఈ రెండు చోట్లా తరగతులు ముగిసిన తరువాత ఇళ్లలో ఏమైనా మారిందా అని కొలిచి చూశారు. అందుకే వీటిని ఎంచుకున్నాను.

రువాండా మనలాగే వ్యవసాయం మీద బ్రతికే చిన్న దేశం. 1994లో అక్కడ దాదాపు వంద రోజులపాటు జరిగిన మారణకాండలో సుమారు 8 లక్షలమంది చంపబడ్డారు. ఆ దేశంలో రువాండా మెన్స్ రిసోర్స్ సెంటర్, ప్రొముండో అనే సంస్థలు కలిసి 2013లో 'బండెబెరెహో' అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆ మాటకు వారి భాషలో ఆదర్శం, అంటే చూసి నేర్చుకోదగినవాడు, అని అర్థం. లాటిన్ అమెరికాలో తయారైన 'ప్రోగ్రామ్ పి' అనే బోధనా పుస్తకాన్ని తమ పల్లెలకు తగినట్లు మార్చుకున్నారు. 'పి' అంటే స్పానిష్, పోర్చుగీసు భాషలలో తండ్రి అనే మాటకు మొదటి అక్షరము.

తరగతికి పిలిచినది 21 నుండి 35 ఏళ్ల మధ్య ఉన్న మగవారిని. భార్య గర్భవతియై ఉండాలి, లేదా ఇంట్లో అయిదేళ్లలోపు బిడ్డ ఉండాలి. పురుషులకు వారానికొకటి చొప్పున 15 తరగతులు. వాటిలో 8 తరగతులకు భార్యలు కూడా వచ్చి పక్కన కూర్చుంటారు. నేర్పినవారు పట్నం నుండి వచ్చిన పండితులు కారు. ఆ ఊళ్లోనే ఉండే తండ్రులకు శిక్షణ ఇచ్చి వారిచేతనే నడిపించారు. గర్భము, కాన్పు, కుటుంబ నియంత్రణ వంటి విషయాలకు నర్సును, చట్టం గురించి చెప్పడానికి పోలీసువారిని తోడు పిలిచారు. ఇది నాకు చాలా తెలివైన ఏర్పాటుగా కనిపిస్తుంది. భార్యను కొట్టడం నేరమని ఉపన్యాసకుడు చెబితే చెవిన పెట్టని మనిషి, పక్క పొలం రైతు తన ఇంటి సంగతి విప్పి చెబితే తల దించుకుని వింటాడు.

ఇంతకీ ఆ తరగతిలో ఏమి జరుగుతుంది? నీతి పాఠాలు కావు. ఒక రోజు 'మా నాన్న నాకు ఏమి వదిలి వెళ్లాడు' అన్న విషయం మీద మాట్లాడుకుంటారు. వదిలినది ఆస్తిపాస్తులు కాదు; ఆయన అలవాట్లలో ఏది నాలో మిగిలింది, ఏది నా బిడ్డకు అందాలి, ఏది నాతోనే ఆగిపోవాలి అన్నదే ప్రశ్న. ఆ గుంపుల్లో కూర్చున్న మగవారు 1994లో పసివారు, లేదా బడిపిల్లలు అన్న సంగతి మరువకండి. ఇలాంటి ప్రశ్న అలాంటి తరంవారి ముందు ఎంత బరువుగా పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. మన ఊళ్లలో ఆ ఘోరం లేదు గాని ప్రశ్న మాత్రం మనదే. తాగి వచ్చి కంచం విసిరేసిన తండ్రి కొడుకులు మన మధ్య తక్కువా?

మరొక రోజు ఇంట్లో ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో లెక్క వేసుకుంటారు. నీళ్లు మోసేది ఎవరు, బిడ్డకు ముక్కు తుడిచేది ఎవరు, రాత్రి దగ్గు వస్తే లేచేది ఎవరు? లెక్క పక్కపక్కనే కనిపించినప్పుడు 'పొలం పని అంతా నాదే' అనే మాట అంత తేలికగా నోట రాదు. ఆపైన డబ్బు ఖర్చు ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవడం, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఎత్తకుండా ఉండడం, చంటిబిడ్డతో ఆడడం, మాట్లాడడం ఇవన్నీ వస్తాయి.

ఇక ఫలితం సంగతి. కరొంగి, ముసాంజె, న్యరుగురు, ర్వమగన అనే నాలుగు జిల్లాలలో 1,199 జంటలను తీసుకుని, చీటీలు వేసినట్లుగా రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపువారు తరగతులకు వచ్చారు, మరొక గుంపువారికి తరగతులు లేవు. 21 నెలల తరువాత ఇద్దరినీ అడిగి చూశారు. గడచిన ఏడాదిలో భర్త చేత దెబ్బలు తిన్నామని చెప్పిన స్త్రీలు తరగతులు లేని గుంపులో నూటికి 57 మంది; తరగతుల గుంపులో 33 మంది. తరగతులకు వెళ్లిన తండ్రులు పిల్లల పనిలో, ఇంటి పనిలో రోజుకు దాదాపు ఒక గంట ఎక్కువ గడుపుతున్నారు. గర్భిణీ పరీక్షలకు భార్య వెంట వెళ్లేవారు కూడా పెరిగారు. ఈ వివరాలు 2018లో ప్రచురించబడ్డాయి. ఆరేళ్ల తరువాత మళ్లీ వెళ్లి చూసినప్పుడు కూడా మార్పు నిలిచే ఉందని 2023లో వెల్లడించారు. ఆరేళ్లు నిలవడమే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచింది. మన కూడికలలో కన్నీళ్లతో చేసిన తీర్మానాలు ఆరు వారాలు నిలిస్తే గొప్ప.

అయితే అంతా సాధించారని చెప్పడం నిజం కాదు. పిల్లలను కొట్టే విషయంలో తేడా చిన్నదే. తల్లులు చెప్పినదాని ప్రకారం తరగతులు లేని ఇళ్లలో నూటికి 79 మంది, తరగతులు జరిగిన ఇళ్లలో 68 మంది కొడుతూనే ఉన్నారు. భార్య మీద ఎత్తిన చెయ్యి దిగినంత త్వరగా బిడ్డ మీద ఎత్తిన చెయ్యి దిగదన్నమాట. దీనికి కారణం మనకు తెలియనిది కాదు. బిడ్డను కొట్టడం తప్పు అని మనస్సు ఒప్పుకోదు. అది క్రమశిక్షణ అనుకుంటాము. బెత్తము గురించి సామెతల గ్రంథంలో ఉన్న మాటను మనవాళ్లు కంఠస్థం చేస్తారు గాని, పిల్లలకు కోపము రేపవద్దని తండ్రులను ప్రత్యేకముగా హెచ్చరించిన ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయం దగ్గర ఆగేవారు తక్కువ.

కాలిఫోర్నియా సంగతి మరొక ప్రశ్నకు జవాబు చెబుతుంది. తండ్రులను విడిగా కూర్చోబెట్టాలా, భార్యతో కలిపి కూర్చోబెట్టాలా? ఫిలిప్ కోవన్, కారొలిన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులైన దంపతులు, వారి సహచరులు 289 కుటుంబాలతో దీనిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆ కుటుంబాలు చాలావరకు తక్కువ ఆదాయం కలవి. ఎక్కువమంది మెక్సికో మూలాలవారు. కొందరిని ఒక్క సమావేశంతో పంపివేశారు. కొందరు తండ్రులను మాత్రమే 16 వారాలు కూర్చోబెట్టారు. కొందరిని దంపతులుగా 16 వారాలు కూర్చోబెట్టారు. ఒక్క సమావేశంవారిలో చెప్పుకోదగిన మేలేమీ కనిపించలేదు. తండ్రుల గుంపులో వారు పిల్లలతో గడిపే తీరు మెరుగైంది. దంపతుల గుంపులోనైతే దానితోపాటు ఇంకొకటి జరిగింది: భార్యాభర్తల మధ్య సంతోషం తగ్గకుండా నిలిచింది, పెంపకపు ఒత్తిడి తగ్గింది.

మొదటి బిడ్డ పుట్టిన తరువాత భార్యాభర్తల అన్యోన్యత తగ్గిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే అని ఈ కోవన్ దంపతులు అంతకు చాలా ముందే గమనించి, 1992లో దాని మీద ఒక పుస్తకం కూడా వ్రాశారు. మనము పెళ్లికి ముందు జంటను కూర్చోబెట్టి నాలుగు మాటలు చెబుతాము. బిడ్డ పుట్టాక బారసాలకు వెళ్లి ప్రార్థించి, భోంచేసి వస్తాము. అసలు తగవులు మొదలయ్యేది అప్పుడే.

ఊరి తరగతి వలన ఏమవుతుంది అని తీసివేయకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠం నుండే సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పుడు తరగతిలో కూర్చున్నది తల్లులు. తండ్రులు బయట ఉండిపోయారు.

ఎవరైనా ఇలాంటిది తలపెడితే కొన్ని చిన్న సంగతులు ముందే ఆలోచించుకోవాలి. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో మగవారు రారు. పని పలచబడిన నెలలు చూసుకోవాలి. పది పన్నెండు జంటలు దాటితే అది సభ అయిపోతుంది, నోరు విప్పేవారు ఉండరు. చంటిపిల్లలను ఆ రెండు గంటలు చూసుకోవడానికి ఎవరినైనా పెట్టకపోతే తల్లి గుమ్మం బయటే ఉండిపోతుంది. ఊరి పెద్ద కుమారుడు, అతని పొలంలో కూలికి వెళ్లేవాడు ఒకే గుంపులో ఉంటే రెండవవాడు మాట్లాడడు. నడిపించేవాడు తన ఇంట్లో చెయ్యి ఎత్తేవాడైతే మూడవ వారానికి గుంపు ఖాళీ.

కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ ప్రాంతాలలో తండ్రి గల్ఫ్ దేశాలలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. సెలవుపై వచ్చిన నాన్నను చూసి అమ్మ కొంగు చాటున దాక్కునే పిల్లలు ఉన్నారు. ఆ ఇంటికి 15 వారాల తరగతి పనికిరాదు. అయినా తల్లి తరగతికి రావచ్చు, తండ్రి ఫోనులో కలవవచ్చు. డబ్బు పంపినదీ, అప్పు తీరినదీ మాట్లాడుకున్న తరువాత బిడ్డకు ఫోను ఇచ్చి 'ఈరోజు బళ్లో ఎవరి పక్కన కూర్చున్నావు?' అని అడగడానికి పది నిముషాలు చాలు.