హెచ్చరికను చెరిపివేస్తే

నేటి సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ మొదటి అక్షరం నుండి తామే రాసుకోరు. ఓపెన్ సోర్స్ రచయితలు రూపొందించిన భాగాలను తెచ్చి తమ రచనలో కూర్చుకుంటారు. ఆ భాగాల వెంట వాటిని తనిఖీ చేసే పరీక్షలూ వస్తాయి. పరీక్ష విఫలమైనప్పుడు దోషం ఆ భాగంలో ఉండవచ్చు, దానిని నడిపే యంత్రంలో ఉండవచ్చు, పరీక్షలోనే ఉండవచ్చు. అది తేల్చి, వివరాలను మూలరచయితలకు తెలియజేయడం సరైన మార్గం. తేల్చకుండా పరీక్షను ఆపివేయడం జ్వరమాపకాన్ని విరిచి జ్వరం తగ్గిందనుకోవడమే.

2006లో డెబియన్ వ్యవస్థలో జరిగినది ఇందుకు నిదర్శనం. రహస్య సమాచారానికి తాళపుచెవులు తయారుచేసే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌ను వాల్‌గ్రిండ్ అనే తనిఖీ సాధనం పరిశీలించి, విలువ నింపని స్మృతిని ఇది వాడుతున్నదని హెచ్చరించింది. ఆ హెచ్చరిక రాకుండా చేయడానికి డెబియన్ నిర్వాహకుడు రెండు పంక్తులను తొలగించాడు. అతడు అజాగ్రత్తపరుడేమీ కాడు. మూలరచయితల బృందాన్ని ముందుగా అడిగాడు కూడా. అయినా ఒక పంక్తి తొలగింపు నిరపాయకరం కాగా, రెండవది యాదృచ్ఛికతకే ప్రాణం. అది పోగా మిగిలిన ఆధారం, నడుస్తున్న ప్రోగ్రాముకు యంత్రం ఇచ్చే వరుస సంఖ్య ఒక్కటే. ఊహకందనన్ని ఉండవలసిన తాళపుచెవులు ఒక్కొక్క రకానికి సుమారు 32 వేలకు కుదించుకుపోయాయి. 2008 మే నెలలో గాని ఈ సంగతి బయటపడలేదు. డెబియన్‌తోపాటు దానిపై ఆధారపడిన ఉబుంటు వాడుకరులు కూడా ఆ కాలంలో చేసుకున్న తాళపుచెవులను పారవేసి కొత్తవి చేసుకోవలసివచ్చింది.