ఎనిమిది సార్లు ఎమ్మెల్యే, ఒక్కసారీ ముఖ్యమంత్రి కాలేదు: రాయ్‌పూర్ నేత బ్రిజ్‌మోహన్ అగర్వాల్ ప్రయాణం ఏం చెబుతోంది?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో 1990 నుంచి 2023 వరకు ఎనిమిది అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. ఎనిమిదింటిలోనూ గెలిచిన నాయకుడు ఒక్కరే, బీజేపీకి చెందిన బ్రిజ్‌మోహన్ అగర్వాల్. చివరిసారి 67,719 ఓట్ల మెజారిటీ వచ్చింది. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోనే అది అత్యధికం. ఆరు నెలలు తిరిగేసరికి ఆయన ఎమ్మెల్యేగానూ లేరు, మంత్రిగానూ లేరు. లోక్‌సభ సభ్యుడయ్యారు.

ఇది పదోన్నతా, లేక పక్కకు తప్పించడమా? ఛత్తీస్‌గఢ్ రాజకీయాల్లో 2024 నుంచి వినిపిస్తున్న ప్రశ్న ఇది. జవాబు కావాలంటే ఆయన గెలుపులతో పాటు, ఆ గెలుపులు ఆయనకు తెచ్చిపెట్టలేని వాటినీ చూడాలి.

పటవా కాలం నుంచి రమణ్ సింగ్ కాలం దాకా

అగర్వాల్ 1959లో రాయ్‌పూర్‌లోనే పుట్టారు. 1990లో తొలిసారి గెలిచేనాటికి వయసు ముప్పై ఏళ్లు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగం. సుందర్‌లాల్ పటవా ప్రభుత్వంలో ఆయనకు మంత్రి పదవి దక్కింది. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత 1992 డిసెంబరులో కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది. 1993, 1998 ఎన్నికల్లో కాంగ్రెస్ అధికారంలోకి వచ్చినా రాయ్‌పూర్ సీటు మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడింది. అజిత్ జోగీ ముఖ్యమంత్రి అయ్యారు. ప్రతిపక్ష నేత పదవికి బీజేపీ నంద్‌కుమార్ సాయ్‌ని ఎంచుకోవడంతో అగర్వాల్ అనుచరులు నిరసనకు దిగారు. వ్యవహారం రభసగా మారడంతో పార్టీ అగర్వాల్‌ను సస్పెండ్ చేసి, తర్వాత వెనక్కి తీసుకుంది. 2003లో బీజేపీ గెలిచాక రమణ్ సింగ్ మంత్రివర్గంలో చేరిన ఆయన, 2018 వరకు వరుసగా మూడు ప్రభుత్వాల్లో కొనసాగారు.

ఆయన మంత్రిత్వ కాలానికి గుర్తుగా అందరూ చెప్పుకునేది రాజిమ్ కుంభ్. మహానది, పైరీ, సోందూర్ నదులు కలిసే రాజిమ్‌లో మాఘ పౌర్ణమికి తరతరాలుగా జాతర జరుగుతోంది. దాన్ని కుంభమేళా స్థాయి ఉత్సవంగా మార్చే పని ఆయన చేపట్టారు. 2018లో వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం దానికి ‘పున్నీ మేళా’ అన్న పాత పేరు మళ్లీ పెట్టింది. 2024లో బీజేపీ ప్రభుత్వం ‘కుంభ్ కల్ప్’ పేరుతో ఉత్సవం జరిపింది. అలా ఒక జాతర పేరును బట్టే రాష్ట్రంలో ఎవరు అధికారంలో ఉన్నారో చెప్పే పరిస్థితి వచ్చింది.

గాలి ఎదురు తిరిగినా నిలిచిన సీటు

అగర్వాల్ బలం ఎంతో తేలింది 2018లో. 90 సీట్ల సభలో కాంగ్రెస్ 68 గెలిచింది, బీజేపీ 15కే పరిమితమైంది. 2008 పునర్విభజన తర్వాత రాయ్‌పూర్ నగరం, శివార్లు కలిపి నాలుగు నియోజకవర్గాలయ్యాయి: ఉత్తరం, దక్షిణం, పశ్చిమం, గ్రామీణం. 2018లో మూడు కాంగ్రెస్‌కు పోయాయి. దక్షిణంలో మాత్రం అగర్వాల్ 17 వేలకు పైగా మెజారిటీతో గట్టెక్కారు.

ఆ ఓటమి తర్వాత రాష్ట్ర పార్టీని మళ్లీ నిలబెట్టే పని మన దగ్గుబాటి పురందేశ్వరికి అప్పగించారు. 2020 చివరి నుంచి 2022 వరకు ఆమె ఛత్తీస్‌గఢ్ బీజేపీ ఇన్‌ఛార్జిగా ఉన్నారు. 2023లో పార్టీ 54 సీట్లతో తిరిగి అధికారంలోకి వచ్చింది. రాయ్‌పూర్‌లోని నాలుగు సీట్లూ గెలుచుకుంది. దక్షిణంలో కాంగ్రెస్ నిలబెట్టింది మామూలు అభ్యర్థిని కాదు, నగరంలోని ప్రసిద్ధ దూధాధారి మఠం అధిపతి మహంత్ రామ్‌సుందర్ దాస్‌ను. అయినా అగర్వాల్‌కు 1,09,263 ఓట్లు వస్తే, మహంత్‌కు 41,544 వచ్చాయి.

మరి ముఖ్యమంత్రి పదవి?

రాష్ట్ర జనాభాలో గిరిజనులు 30 శాతానికి పైగా ఉన్నారు. 90 సీట్లలో 29 ఎస్టీలకు, 10 ఎస్సీలకు రిజర్వ్ అయ్యాయి. మిగతా చోట్ల సాహు, కుర్మీ వంటి ఓబీసీ వర్గాల ఓట్లే కీలకం. నగరానికి చెందిన వ్యాపార సామాజిక వర్గం నేత ఎన్ని వేల మెజారిటీతో గెలిచినా, ఈ లెక్కల్లో ఆయన వల్ల అదనంగా కలిసే సీట్లు తక్కువ. 2023లో గిరిజన నేత విష్ణుదేవ్ సాయ్‌ని ముఖ్యమంత్రిని చేసి, ఓబీసీకి చెందిన అరుణ్ సావ్‌ను, బ్రాహ్మణ వర్గానికి చెందిన విజయ్ శర్మను ఉప ముఖ్యమంత్రులుగా నియమించడంలో కనిపించింది ఈ లెక్కే. మూడుసార్లు ముఖ్యమంత్రిగా చేసిన రమణ్ సింగ్ స్పీకరయ్యారు. అగర్వాల్‌కు పాఠశాల విద్య, ఉన్నత విద్య సహా పలు శాఖలు దక్కాయి.

14 రోజులు, 6 నెలలు

2024 లోక్‌సభ ఎన్నికల్లో సిట్టింగ్ ఎంపీ సునీల్ సోనీని కాదని, మంత్రిగా ఉన్న అగర్వాల్‌కు రాయ్‌పూర్ టికెట్ ఇచ్చారు. ఆయన 5,75,285 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

అక్కడి నుంచి రెండు నిబంధనలు తెరపైకి వచ్చాయి. ఒకటి, ఎమ్మెల్యేగా ఉంటూ ఎంపీగా గెలిచినవారు గెజిట్‌లో ఫలితం వెలువడిన 14 రోజుల్లోగా అసెంబ్లీ సభ్యత్వం వదులుకోవాలి. వదులుకోకపోతే పోయేది ఎమ్మెల్యే పదవి కాదు, ఎంపీ పదవి. 2019లో నల్గొండ నుంచి ఎంపీగా గెలిచిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి హుజూర్‌నగర్ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసింది ఈ నిబంధన వల్లే.

రెండోది, రాజ్యాంగంలోని 164(4) అధికరణ. రాష్ట్ర చట్టసభలో సభ్యుడు కాకపోయినా ఆరు నెలల దాకా మంత్రిగా ఉండవచ్చు. అగర్వాల్ 2024 జూన్ 17న ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసినప్పుడు ఈ వెసులుబాటును బహిరంగంగానే ప్రస్తావించారు. అయితే ఆ వారంలోనే మంత్రి పదవినీ వదులుకున్నారు. చట్టం ఇచ్చిన గడువును వాడుకోవాలంటే ముఖ్యమంత్రి సమ్మతి కూడా కావాలి మరి.

ఉప ఎన్నిక చెప్పిన లెక్క

ఖాళీ అయిన దక్షిణం సీటుకు 2024 నవంబరు 13న ఉప ఎన్నిక జరిగింది. అగర్వాల్ కోసం ఎంపీ టికెట్ కోల్పోయిన సునీల్ సోనీనే బీజేపీ అక్కడ నిలబెట్టింది. ఇద్దరు నేతలు కుర్చీలు మార్చుకున్నట్టయింది. సోనీ 46,167 ఓట్ల తేడాతో గెలిచారు.

హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో కాంగ్రెస్ తన సీటు పోగొట్టుకుంది. రాయ్‌పూర్‌లో బీజేపీకి ఆ గతి పట్టలేదు. కానీ అంకెలను పక్కపక్కన పెడితే ఇంకో సంగతి బయటపడుతుంది. కాంగ్రెస్ ఓట్లు 41,544 నుంచి 43,053కు కాస్త పెరిగాయి. బీజేపీ ఓట్లు 1,09,263 నుంచి 89,220కి, అంటే 20 వేలు తగ్గాయి. ఉప ఎన్నికలో పోలింగ్ తగ్గడం ఇందుకు ఒక కారణం. పోలింగ్ కేంద్రానికి రాకుండా ఆగిపోయిన వారిలో పార్టీ కోసం కాక అగర్వాల్ కోసం ఓటేసేవారూ ఉండి ఉండొచ్చు. ఏదేమైనా సీటు నిలబెట్టుకోవడానికి ఆయన తప్పనిసరి కాదని పార్టీకి తేలిపోయింది.

ఢిల్లీలో ఏం దక్కింది?

కేంద్రంలో మంత్రి పదవి వస్తుందని ఆయన అనుచరులు ఆశపడ్డారు. 2024 జూన్‌లో రాష్ట్రం నుంచి ఆ అవకాశం బిలాస్‌పూర్ ఎంపీ తోఖన్ సాహుకు దక్కింది. తోఖన్ లోక్‌సభకు ఎన్నికవడం అదే మొదటిసారి. ఆయన ఓబీసీ సాహు వర్గానికి చెందినవారు. రాష్ట్రంలో అడ్డొచ్చిన లెక్కే ఢిల్లీలోనూ ఎదురైంది.

ఎమ్మెల్యే ఎంపీ కావడం ప్రతిసారీ దారి మూసుకుపోవడం కాదు. 2018లో అంబర్‌పేటలో ఓడిన కిషన్ రెడ్డి మరుసటి ఏడాది సికింద్రాబాద్ ఎంపీ అయి కేంద్ర మంత్రయ్యారు. అదే 2018లో కొడంగల్‌లో ఓడిన రేవంత్ రెడ్డి మల్కాజిగిరి ఎంపీగా గెలిచి, 2023లో ముఖ్యమంత్రి పీఠం ఎక్కారు. వారిద్దరూ ఓడి వెళ్లారు. అగర్వాల్ రాష్ట్రంలోనే అతిపెద్ద మెజారిటీతో గెలిచిన ఆరు నెలలకు వెళ్లారు.

ఓటర్లు ఎనిమిది సార్లు ఇచ్చింది రాయ్‌పూర్‌లో ఒక సీటు. ముఖ్యమంత్రి కుర్చీ ఎవరిదో తేల్చేది ఆ సీటులో వచ్చిన మెజారిటీ కాదు, మిగతా 89 సీట్ల లెక్క.