హోదా భాషకు, స్కాలర్‌షిప్ ఎవరికి?
ఖరిదా తెలుగు అమ్మాయిల కాలేజీ చదువుకు డబ్బు లేకపోలేదు. అది తెలుగువారన్న పేరు మీద మాత్రం రాదు

ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, వీధిలో హిందీ, కౌంటరు దగ్గర బెంగాలీ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఖరగ్‌పూర్‌కు పనికొచ్చిన కుటుంబాల మునిమనవరాళ్లు ఈ మూడింటినీ అవలీలగా నెట్టుకొస్తారు. కలం ఆగేది స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఒక్క గడి దగ్గరే: మైనారిటీయా, కాదా?

2020 డిసెంబరులో, అసెంబ్లీ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది. సంతోషమే. కానీ స్కాలర్‌షిప్పుల లెక్కలో మైనారిటీ అంటే మతం. రాష్ట్రం అమలుచేసిన ఐక్యశ్రీ పథకం ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ విద్యార్థుల కోసం. అంటే ఖరిదాలో పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరు తెలుగమ్మాయిల్లో క్రైస్తవురాలు అర్హురాలు, హిందువు కాదు. భాషా మైనారిటీకి రాజ్యాంగం 30వ అధికరణ కింద విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు, 350ఎ కింద మాతృభాషలో ప్రాథమిక విద్య ఉన్నాయి. కాలేజీ ఫీజు ఊసు లేదు. అమెరికాలో హిస్పానిక్ విద్యార్థుల కోసమే 1975లో ఒక స్కాలర్‌షిప్ నిధి మొదలైంది. ఇక్కడ అలాంటి ఆలోచన కూడా బలంగా వినిపించదు.

కులం సంగతి ఇంకా చిక్కు. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపున్న ఓ కుటుంబం, కేంద్ర ప్రభుత్వ రంగ ఎరువుల సంస్థలో తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయికి మారింది. తెనాలిలో పుట్టిన ఆ ఇంటి కుర్రాడు అక్కడ మెడికల్ సీటుకు రిజర్వేషన్ అడిగితే కుదరదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా అది ప్రసిద్ధం. ఒక రాష్ట్రపు హోదా మరో రాష్ట్రానికి వెంట రాదు. రైల్వే కుటుంబాలకు ఈ తీర్పు నేరుగా తగులుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల సమయానికే కుటుంబం బెంగాల్‌లో స్థిరపడిందని రుజువుండి, ఆ కులం బెంగాల్ జాబితాలోనూ ఉంటే మాట వేరు. తాతగారి పాత రైల్వే కాగితాలు పారేయకపోవడం మంచిది.

పోనీ విశాఖ వెళ్లి చదివితే? రాత్రి రైలెక్కితే చాలు. కానీ అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదవలేదు కనుక ఆమె సాధారణంగా నాన్ లోకల్.

మరి దొరికేవి? 2013లో మొదలై, 2017లో ఐక్యరాజ్యసమితి పురస్కారం అందుకున్న కన్యాశ్రీ ప్రధానమైనది. 18 ఏళ్లు నిండి, పెళ్లి కాకుండా, చదువులో కొనసాగుతున్న అమ్మాయికి ఒకేసారి రూ. 25,000 అందించేలా దాన్ని రూపొందించారు. భాష అడగలేదు. స్వామి వివేకానంద స్కాలర్‌షిప్‌కు పెట్టిన ఆదాయ పరిమితి ఏడాదికి రూ. 2.5 లక్షలు. ఏడో వేతన సంఘం ప్రకారం రైల్వేలో కనీస మూలవేతనం నెలకు రూ. 18,000, అంటే ఏడాదికి రూ. 2.16 లక్షలు. కరువు భత్యం కలిస్తే గీత దాటిపోతుంది. వర్క్‌షాపులో అట్టడుగు ఉద్యోగి కూతురికీ తలుపు మూసినట్టే. కాంట్రాక్టు కూలీ, కొట్లో గుమాస్తా పిల్లలకు మాత్రం అది వరం.

ఉద్యోగి కూతురు చూడాల్సింది ఏఐసీటీఈ వారి ప్రగతి. సాంకేతిక డిగ్రీ, డిప్లొమా చదివే అమ్మాయిలకు ఏటా రూ. 50,000. కుటుంబ ఆదాయ పరిమితి రూ. 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరి వరకూ. ఇక ఊళ్లోనే ఉన్న ఐఐటీలో సీటొస్తే, ఏడాదికి రూ. లక్ష లోపు ఆదాయం ఉన్నవారికి ట్యూషన్ ఫీజు పూర్తిగా, రూ. 5 లక్షల లోపువారికి మూడింట రెండు వంతులు మాఫీ చేయాలని 2016లో నిర్ణయించారు. ఐఐటీల్లో అమ్మాయిల కోసం 2018 నుంచి అదనపు సీట్లూ వచ్చాయి.

ఏదీ కుదరకపోతే మిగిలేది అప్పు. 2021లో బెంగాల్ ప్రారంభించిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు కింద 4 శాతం వడ్డీకి రూ. 10 లక్షల వరకూ ఇవ్వాలన్నది పథకం. పదేళ్లుగా రాష్ట్రంలో ఉంటే చాలన్నారు. ఖరిదాలో నాలుగు తరాలుగా ఉన్నవారికి ఆ ఒక్క షరతూ కష్టం కాదు.