జింక ఎంత దూరంలో ఉంది?

"అన్నా, నలభై వేలుండాయి. ఏ కెమెరా కొనాల్నో చెప్పు." జూపాడు బంగ్లా బస్టాండులో టీ తాగుతూ అడిగాడు మా ఎదురింటి పిల్లోడు. నేను నోరు తెరిచేలోపే "మెగాపిక్సెళ్లు ఎన్నుండాల?" అని ఇంకోటి తగిలించాడు. దేన్ని తీస్తావురా అంటే రోళ్లపాడు జింకలన్నాడు. మెగాపిక్సెళ్లు తర్వాత, జింక ఎంత దూరంలో నిలబడుతుందో ముందు చెప్పమన్నాను.

రోళ్లపాడు అభయారణ్యం మిడుతూరు మండలంలో ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటు చేశారు, 6.14 చదరపు కిలోమీటర్లు. ఆ పిట్ట కనబడటం ఇప్పుడు గగనం. కృష్ణజింకలకు మాత్రం కొదవ లేదు, చుట్టుపక్కల చేలల్లోనూ పడి మేస్తుంటాయి. రైతు నోట వాటికి అక్షింతలే. అలికిడైతే చాలు, చెంగున దూకి దూరం పోతాయి. ఒకటి 200 మీటర్ల అవతల ఆగి వెనక్కి చూసిందనుకుందాం. భుజం దగ్గర దాని ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు.

ఇక్కడ పదో తరగతి సరూప త్రిభుజాలు చాలు. జింక ఎత్తును లెన్సు ఫోకల్ లెంగ్తుతో గుణించి, దూరంతో భాగిస్తే సెన్సరు మీద పడే బొమ్మ ఎత్తు వస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్సయితే 0.2 మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు ఎత్తు 24 మిల్లీమీటర్లు కాబట్టి, 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో నిలువునా ఉండే 4000 చుక్కల్లో (పిక్సెళ్లలో) జింక వాటాకు వచ్చేవి 33. అదే 600 మిల్లీమీటర్ల లెన్సు పెడితే 400 చుక్కలు. కొమ్ముల మెలికలు కూడా తెలుస్తాయి. లెన్సు మార్చకుండా మెగాపిక్సెళ్లనే నాలుగింతలు చేశారనుకోండి, ఎత్తులో చుక్కలు పెరిగేది రెండింతలే. 33 కాస్తా 66. డబ్బా మీద పెద్ద అంకె చూసి ఒకప్పుడు నేనూ ఒక జేబు కెమెరా కొన్నాను. దాని డిజిటల్ జూమ్‌తో తీసిన జింకను కంప్యూటర్లో చూస్తే మట్టిపెడ్డకు కాళ్లు మొలిచినట్టుంది. డిజిటల్ జూమ్ చేసేది ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే, కొత్త వివరమేదీ దాంతో రాదు.

లెన్సు ఊడదీసే పని లేకుండా దూరాన్ని దగ్గర చేసే బ్రిడ్జ్ కెమెరాలున్నాయి. 2018లో వచ్చిన నికాన్ పీ1000 జూమ్ 125 రెట్లు. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 3000 మిల్లీమీటర్లతో సమానం. చందమామ మీద గుంటలు చక్కగా వస్తాయి. మరి అందరూ అదే ఎందుకు కొనరు? పొద్దు వాలితే దాని పని కష్టం. దాని సెన్సరు విస్తీర్ణం 28 చదరపు మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ, చిటికెన వేలి గోరుకన్నా చిన్నది. ఫుల్ ఫ్రేముది 864.

వెలుతురు సెన్సరు మీద చినుకుల్లా విడివిడి కణాలుగా పడుతుంది, చిన్న సెన్సరుకు చిక్కేవి తక్కువ. ఒక చుక్క మీద సగటున 100 కణాలు పడే చోట పది అటూఇటూ అవుతాయి, అంటే పదో వంతు తేడా. 10,000 పడితే తేడా 100, అంటే నూరో వంతే. చీకట్లో తీసిన ఫోటో ఇసుక చల్లినట్టుండటానికి ముఖ్యమైన కారణం ఇదే. తర్తూరు జాతరలో రాత్రిపూట చిందులేసే మనుషుల్ని తీయాలంటే షట్టరు చటుక్కున మూసుకోవాలి, ఆ కాస్త వ్యవధిలోనే వెలుతురు దండిగా దొరకాలి. అందుకు పెద్ద సెన్సరూ, నోరు పెద్దదైన లెన్సూ కావాలి. పెళ్లిళ్లు తీసేవాళ్లు అంత డబ్బు పోసేది అందుకే.

ఎండాకాలం శ్రీశైలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు మాత్రం జేబులో ఫోను చాలు. గుడి కదలదు. ఫోను వరసగా కొన్ని ఫోటోలు తీసి ఒకదానిమీద ఒకటి పేర్చి ఇసుకను తగ్గించుకుంటుంది. దానికోసం కెమెరా కొంటాననే వాళ్లను నేను ఆపుతాను.

మా పిల్లోడికి ఇదే మొదటి కెమెరా. ఏపీఎస్-సీ సెన్సరున్న పాత డీఎస్ఎల్ఆర్, 70-300 లెన్సు సెకండ్ హ్యాండులో వెతకమన్నాను. ఆ సెన్సరు ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది కాబట్టి చాలా కంపెనీల కెమెరాల్లో 300 మిల్లీమీటర్లు 450 లాగా పనిచేస్తాయి. కొనేముందు షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగాలి, లెన్సులోకి టార్చి వేసి చూడాలి. లోపల సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బూజు పట్టినట్టే, ఎంత తగ్గించినా వద్దు.

"ఇదుంటే మధ్యాన్నం పోయినా జింక బాగొస్తాదా?"

రాదన్నాను. ఎండెక్కితే కాగిన నేల మీద గాలి ఆడుతుంది, జింక నీళ్లలో మునిగినట్టు వణుకుతూ వస్తుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ గాలి గుండానే చూడాలి. తెల్లారేసరికి అక్కడుండాలి.

"అయితే కెమెరాకంటే ముందు అలారం కొనాల" అంటూ వాడు టీ డబ్బులిచ్చేశాడు.