విదేశీ సదస్సుకూ ఓ అదునుంది

విత్తనానికి అదును ఉన్నట్టే వీసాకూ ఉంది. అది తప్పిందంటే ఎంత పేరున్న రైతయినా ఇంటి దగ్గర ఆగిపోవాల్సిందే. పిలుపు వచ్చిన రోజు నుంచి తిరిగొచ్చి పొలంలో కాలు పెట్టేదాకా చూసుకోవాల్సిన సంగతులివి.

విదేశాల్లో వ్యవసాయ సదస్సులంటే ఒకప్పుడు శాస్త్రవేత్తలు, అధికారులే వెళ్లేవారు. రైతు గురించి మాట్లాడేవారు గానీ అక్కడ రైతు ఉండేవాడు కాదు. ఇప్పుడా పరిస్థితి మారింది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దళిత మహిళా రైతులతో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యానికి 2024 జులైలో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో గుల్బెంకియన్ బహుమతి ఇస్తే, వేదిక మీద దాన్ని అందుకున్నవారిలో మహిళా రైతు నెట్టెం నాగేంద్రమ్మ ఉన్నారు. చిరుధాన్యాలు, దేశవాళీ విత్తనాలు, ప్రకృతి సేద్యం మీద జరిగే సమావేశాలకు ఇలాంటి పిలుపులు ఇంకా వస్తాయి.

పిలుపు వచ్చింది కదా, టికెట్ కొనుక్కుంటే పోవచ్చు అనుకుంటే మొదటికే మోసం. ఒక్క సదస్సును ఉదాహరణగా తీసుకుని చూద్దాం. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో స్లో ఫుడ్ సంస్థ 'టెర్రా మాద్రె' పేరుతో రైతులు, పశుపోషకులు, జాలర్ల సమావేశం జరుపుతుంది. ఆ మాటకు తల్లి నేల అని అర్థం. 2004లో మొదటిసారి జరిగినప్పుడు సుమారు 130 దేశాల నుంచి 5 వేల మంది వచ్చారు. 2024లో సెప్టెంబరు 26 నుంచి 30 వరకు జరిగింది. అంటే మనకు ఉత్తర కార్తె పోయి హస్త వచ్చే రోజులు. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి.

పిలుపు నిజమేనా?

మొదట చూడాల్సింది ఇదే. సదస్సు పేరు చెప్పి రిజిస్ట్రేషన్ రుసుము కట్టమని, వీసా మేమే ఇప్పిస్తామని డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. ముందుగా డబ్బు పంపమన్నారంటే ఆగి ఆలోచించండి. నిర్వాహకుల అసలు చిరునామాకు మీరే రాసి అడగండి. కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలోనో ఆ ఉత్తరం చూపించండి.

ఆహ్వానపత్రంలో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. సదస్సు తేదీలు, జరిగే చోటు, బస ఎక్కడ అన్నది రాయాలి. విమాన ఖర్చు ఎవరిది, తిండి ఎవరిది, వీసా రుసుము ఎవరిది అన్నది విడివిడిగా రాయించుకోవాలి. 'ఖర్చులన్నీ మావే' అన్న మాట నమ్ముకుని వెళ్లి, ఊళ్లో బస్సు చార్జీకి వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

ఇంటిపేరుతోనే చిక్కు

పాస్‌పోర్టు లేనివారు ఎండాకాలంలోనే దరఖాస్తు చేసుకోవాలి. పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఇప్పుడు చాలా పట్టణాల తపాలా కార్యాలయాల్లోనూ ఉన్నాయి. మామూలు పద్ధతిలో 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. పోలీసు విచారణకు వచ్చినప్పుడు ఇంటి దగ్గర ఉండాలి.

మనవాళ్లకు అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకంలో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు చివరికి పోతుంది. ఆడవాళ్లకైతే ఒకచోట పుట్టింటి పేరు, ఇంకోచోట అత్తింటి పేరు. ఇక్కడ మనకు ఇది చిన్న విషయం. వీసా కాగితాలు చూసేవాళ్లకు మాత్రం వీళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. అందుకే పాస్‌పోర్టుకు ముందే పేర్లు ఒక్క తీరుగా సరిచేయించుకోండి. విమానం టికెట్ మీద కూడా పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉండొచ్చు. దాన్ని చూసి భయపడొద్దు. గల్ఫ్ సహా 18 దేశాలకు కూలికి, కొలువుకు వెళ్లేవారికే ఆ తనిఖీ. సదస్సుకు వెళ్లి వచ్చేవారికి అది అడ్డు కాదు.

వీసా: భూమే మీ సాక్ష్యం

ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ వంటి 29 దేశాలకు కలిపి ఒకే వీసా ఇస్తారు. దాన్ని షెంజెన్ వీసా అంటారు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వొచ్చు. 15 రోజుల ముందు వరకూ తీసుకుంటారు గానీ అక్కడిదాకా ఆగితే అదును పోయినట్టే. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు. అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. వేసవి నెలల్లో దరఖాస్తు ఇచ్చేందుకు తేదీ దొరకడమే కష్టం. అందుకని సెప్టెంబరు చివర సదస్సు ఉంటే ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో కాగితాలు అందజేయడం మంచిది.

రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. సేవా కేంద్రం చార్జీలు దానికి అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి స్వయంగా హైదరాబాద్ వెళ్లాల్సిందే. కలుపు తీతలు, నాట్లతో వేళ్లు అరిగి ముద్రలు సరిగా పడవనుకుంటే రెండు మూడు రోజుల ముందు నుంచి చేతులకు కొబ్బరినూనె రాసుకోండి. పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి. తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు అది చెల్లాలి. 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి.

ఇక అసలు సంగతి. వీసా అధికారి మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే. ఈ మనిషి తిరిగి వస్తాడా, అక్కడే ఉండిపోతాడా? ఉద్యోగి అయితే జీతం చీటీ, ఆదాయపు పన్ను పత్రం చూపిస్తాడు. వ్యవసాయాదాయానికి పన్ను లేదు కాబట్టి రైతు దగ్గర ఆ పత్రం ఉండదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. పాసుపుస్తకం నకలు, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, మార్కెట్ యార్డులో పంట అమ్మిన తక్‌పట్టీలు, పాల కేంద్రం చెల్లింపులు, 6 నెలల బ్యాంకు లావాదేవీలు జతచేయండి. వీటిని ఇంగ్లీషులోకి అనువాదం చేయించండి. ఇంటి దగ్గర ఎవరున్నారు, చేలో ఏ పంట ఉంది, ఎప్పుడు కోతకు వస్తుంది అన్నది ఒక పేజీలో రాసి పెట్టండి. కోతకొచ్చే చేను ఉన్నవాడు తిరిగి రాకుండా ఎక్కడికి పోతాడు? దాన్ని కాగితం మీద చూపించాలి, అంతే.

దరఖాస్తు ముందు ఖాతాలో ఒక్కసారిగా లక్షలు వేయించుకోవడం, లేని ఉద్యోగం రాయడం చేయొద్దు. పట్టుబడితే తర్వాతి దరఖాస్తుల మీదా మచ్చ పడుతుంది. వీసా చేతికి రాకముందు టికెట్ డబ్బు కట్టొద్దు. దరఖాస్తుకు రిజర్వేషన్ కాగితం ఉంటే చాలు.

విత్తనం మూటలో కట్టొద్దు

చాలామంది రైతులు తెలియక చేసే పొరపాటు ఇది. సదస్సులో చూపిద్దామని నాలుగు రకాల జొన్న కంకులు, కొర్ర గింజలు, కంది విత్తనం మూటకట్టి పెట్టెలో వేసుకుంటారు. 2019 డిసెంబరు 14 నుంచి ఐరోపా దేశాల్లో నిబంధనలు గట్టిపడ్డాయి. విత్తనాలు, మొక్కలు, చాలా రకాల తాజా పండ్లు, కూరగాయలు ప్రయాణికుడి సంచిలో ఉన్నా ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఉండాలి. అంటే ఇందులో చీడపీడలు లేవని మన దేశపు ప్లాంట్ క్వారంటైన్ అధికారులు రాసిచ్చే పత్రం. అది లేకపోతే అక్కడి విమానాశ్రయంలోనే తీసుకుని ధ్వంసం చేస్తారు. తాతల నాటి విత్తనం చెత్తబుట్ట పాలవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన దేశపు జీవ సంపదను విదేశీయులు పరిశోధనకో, వ్యాపారానికో తీసుకోవాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. సదస్సులో ఎవరో ఆప్యాయంగా అడిగారని గుప్పెడు గింజలు చేతిలో పోయొద్దు. పసుపుతో గాయాలు మానతాయన్న మన ఇంటి వైద్యానికి అమెరికాలో 1995లో పేటెంటు ఇస్తే, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ పాఠం మరవొద్దు. విత్తనానికి బదులు పంట ఫొటోలు, పిండి, చేసిన వంటకం చూపించండి. విత్తనమే చూపాలంటే నిర్వాహకులతో ముందే మాట్లాడి పత్రాలతో పంపించాలి.

వచ్చేటప్పుడూ ఇదే నియమం. అక్కడి టమాట విత్తనం బాగుందని జేబులో వేసుకు రావొద్దు. దిగుమతి అనుమతి, ధ్రువపత్రం లేకుండా విత్తనం తేవడం మన దేశంలోనూ నిషేధం. 2018లో కర్ణాటకలో కనబడిన కత్తెర పురుగు మన మొక్కజొన్నను ఏం చేసిందో వేరే చెప్పాలా? బయటి నుంచి వచ్చే పురుగూ తెగులూ ఎంత చిన్నదైనా ఊరంతటినీ ముంచుతుంది.

పెట్టెలో ఏముండాలి?

నెయ్యితో సహా పాల పదార్థాలు, మాంసం ఐరోపాలోకి రానివ్వరు. ఎండుకొబ్బరి చిప్పలు విమానంలోకి వెళ్లే పెద్ద పెట్టెలో పెట్టొద్దు. నూనె ఉన్న సరుకు కాబట్టి నిప్పంటుకునే ప్రమాదం ఉందని 2022లో నిషేధించారు. కొడవలి, కత్తి చేతి సంచిలో ఉండకూడదు. నీళ్లు, నూనెల వంటివి చేతి సంచిలో అయితే ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటొద్దు. ఫోనుకు వాడే పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే పెట్టాలి. జొన్న అటుకులు, పప్పుల పొడి, వేయించిన శనగలు ఉంటే తిండి కుదరని పూట ఆదుకుంటాయి. బీపీ, షుగరు మందులు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉంచుకోండి.

సెప్టెంబరు చివర ట్యూరిన్‌లో పొద్దున పూట చలి ఉంటుంది. ఒక స్వెట్టరు, బూట్లు తప్పనిసరి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడకు పట్టదు. అడాప్టరు కొనుక్కోవాలి. విదేశీ నగదు ఒక్క ప్రయాణానికి 3 వేల డాలర్ల విలువ మించి తీసుకోకూడదు. మిగతాది బ్యాంకు ఇచ్చే ఫారెక్స్ కార్డులో వేయించుకోవచ్చు. చేతిలో కొన్ని యూరోల చిల్లర ఉంచుకోండి.

శంషాబాద్ నుంచి ట్యూరిన్ దాకా

శంషాబాద్ నుంచి దుబాయ్, దోహా వంటి చోట విమానం మారి మిలాన్ నగరపు మల్పెన్సా విమానాశ్రయంలో దిగొచ్చు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. అప్పుడు సామాను నేరుగా చివరి చోటికే చేరుతుంది. మొదటి విమానం ఆలస్యమైనా రెండోది చూసే బాధ్యత వాళ్లదే. మధ్యలో కనీసం మూడు గంటల వ్యవధి ఉంటే కంగారు ఉండదు.

ఐరోపాలో అడుగుపెట్టిన చోట పాస్‌పోర్టు చూస్తారు. 2025 అక్టోబరు 12న కొత్త పద్ధతి మొదలైంది. దాని ప్రకారం అక్కడ ఫొటో తీసుకుంటారు. ఎందుకొచ్చావు, ఎన్నాళ్లుంటావు, ఎక్కడ దిగుతావు అని అడగొచ్చు. ఆహ్వానపత్రం, బస కాగితం, తిరుగు టికెట్ చేతిలో ఉంటే భాష రాకపోయినా గండం గట్టెక్కుతుంది.

మల్పెన్సా నుంచి ట్యూరిన్ సుమారు 130 కిలోమీటర్లు. బస్సులు ఉంటాయి. మిలాన్ వెళ్లి రైలూ ఎక్కొచ్చు. ఇటలీలో ప్రాంతీయ రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి. లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. అత్యవసరానికి 112 నంబరుకు ఫోన్ చేయాలి. పాస్‌పోర్టు పోతే మిలాన్‌లో మన కాన్సులేట్ ఉంది. బస చిరునామా ఇంగ్లీషులో, ఇటాలియన్‌లో రాయించి జేబులో పెట్టుకోండి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు మన గడియారం మూడున్నర గంటలు ముందుందని గుర్తుంచుకోండి.

మాట్లాడాల్సింది తెలుగులోనే మాట్లాడండి. తప్పేమీ లేదు. దుబాసీ కావాలని నెల ముందే అడగాలి. చెప్పబోయేది రెండు పేజీల్లో రాసి ముందే వారికి పంపాలి. పుట్టి, గుంట, మానిక అంటే అక్కడ తెలియదు. కిలోలు, ఎకరాలు, హెక్టార్లలో చెప్పండి.

చేను ఎవరికి అప్పగిస్తున్నారు?

మీరు లేని ఆ పది రోజులు వరి గింజ పాలు పోసుకునే సమయం కావచ్చు. పత్తిలో గులాబీ పురుగు కనబడే సమయం కావచ్చు. నీళ్లు ఎవరు పెడతారు, పాడి ఎవరు చూస్తారు, పురుగు కనబడితే ఎవరిని అడగాలి అన్నది ముందే ఇంట్లో తేల్చుకోండి. ఇంట్లోవాళ్ల మీద మొత్తం భారం వేసి వెళ్తే సదస్సులో కూర్చున్నా మనసు మోటారు దగ్గరే ఉంటుంది.

కార్తెలవారీగా గుర్తుంచుకోండి

ఉగాది నాటికి: పేర్లు సరిచేయించి పాస్‌పోర్టుకు దరఖాస్తు.
రోహిణి, మృగశిర: ఆహ్వానపత్రం, పాసుపుస్తకం, తక్‌పట్టీలు, అనువాదాలు సిద్ధం.
ఆరుద్ర, పునర్వసు: బీమా తీసుకుని వీసా దరఖాస్తు.
మఖ: వీసా వచ్చాక టికెట్, దుబాసీ కోసం ఉత్తరం.
పుబ్బ: ఫారెక్స్ కార్డు, అడాప్టరు, స్వెట్టరు.
ఉత్తర: చేను అప్పగింతలు, ప్రయాణం.

ఏరువాక నాడు అరక కట్టనివాడు పంటకాలంలో ఎంత పరుగెత్తినా లాభం లేదు. ఈ ప్రయాణమూ అంతే. పిలుపు చేతికి అందిన రోజే మీకు ఏరువాక.